పరుపు మాస్టారు నిద్రపోయిన సినిమా

శనివారం ఉదయం పరుపు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కార్ఖానాకి వెళ్ళి రెండు పరుపులు చూసి, పదిన్నరకి సగం రోజు సెలవు మీద బయటపడి, పదకొండు గంటల ఆటకి హాలీవుడ్ సినిమాకి వెళ్ళాలి. రెండింటికి ఇల్లు చేరి భోంచేసి, పొద్దుగూకే దాకా ఆ సినిమా కథ భార్యకి చెప్పాలి. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆయన సగం రోజు సెలవు అడగడం అదే మొదటిసారి. చొక్కా గురువారమే ఇస్త్రీ అయిపోయి, కుర్చీ వీపుకి వేలాడుతూ రెండు రోజులుగా ఎవర్నీ ఆ కుర్చీలో కూర్చోనివ్వడం లేదు.

"మన పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు మీరు," అంది ఆయన భార్య గుమ్మంలో నిలబడి.

"పెళ్ళికి నేను ఇరవయ్యారేళ్ళు ఎదురుచూడలేదు కదా," అన్నారాయన గంభీరంగా, పాపిడి సరిచేసుకుంటూ.

"సరే, వెళ్ళిరండి. సోమవారం సంగతి మాత్రం ఇవాళ ఆలోచించకండి."

సోమవారం సంగతి చెప్పాలంటే ముందు ఆయన పని సంగతి చెప్పాలి. కొత్తవాళ్ళెవరికి చెప్పినా నవ్వుతారు గానీ, అందులో నవ్వాల్సిందేమీ లేదు. కార్ఖానాలో పరుపులు తయారయ్యాక ప్రతి దఫాలోంచి ఒక పరుపు తీసి, చివరనున్న చిన్న గదిలో మంచం మీద వేస్తారు. మాస్టారు బూట్లు విప్పి దాని మీద పడుకుని కప్పుకేసి చూస్తారు. తల దగ్గర ఫోర్‌మన్ గడియారం పట్టుకుని నిలబడతాడు. అయిదు నిమిషాల్లోపు మాస్టారు లేచి బూట్లు వేసుకుంటే ఆ దఫా మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. పావుగంట మెలకువగా పడుకుంటే రెండో రకం. నిద్రపోతే మొదటి రకం. అప్పుడు ఫోర్‌మన్ మునివేళ్ళ మీద నడిచి వచ్చి పరుపుకి పచ్చచీటీ కట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతాడు. మాస్టారు నోరు విప్పి బాగుందనీ బాగాలేదనీ అనరు. కుట్టు విభాగంలో ఆడవాళ్ళు కూడా "మాస్టారు లేచారా, పడుకున్నారా?" అనే అడుగుతారు.

అంతకుముందు ఆయన రెండు ఉద్యోగాలు నిద్ర వల్లే పోగొట్టుకున్నారు. మూడోది నిద్ర వల్లే దొరికింది. నాలుగోది ఎక్కడా దొరకదని ఆయనకి బాగా తెలుసు. అందుకే రెండు వారాల కిందట కార్ఖానాలోకి ఒక యంత్రం వచ్చినప్పటి నుంచి ఆయన గుండెలో రాయి పడింది. పరుపు మీద లావుపాటి రోలరు దొర్లించి, కాగితం మీద ఒక అంకె అచ్చు కొట్టి ఇస్తుందది. ప్రస్తుతం పరీక్షకి మాత్రమే పెట్టుకున్నారు. ఉంచుకోవాలో పంపించెయ్యాలో యజమాని సోమవారం తేలుస్తానన్నాడు.

ఇక సినిమా సంగతి. రెండో ఉద్యోగం ఊడిన వారంలో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, ఎటు పోవాలో తెలియక ఆయన ఒక హాల్లోకి దూరారు. తెలుగు మాటలు అతికించిన హాలీవుడ్ సినిమా అది. పేరు 'మంచుకొండ మెకానిక్'. రెండు కొండల మధ్య తాడు మీద నడిచే పెట్టె ఒకటి పదకొండు మందితో నడిమధ్యలో ఆగిపోతుంది. కరెంటు ఉండదు. కొండ మీద ఒక్కడే ఉన్న మెకానిక్ చేత్తో చక్రం తిప్పి, అంగుళం అంగుళం చొప్పున ఆ పెట్టెని ఇవతలికి లాగుతాడు. అరచేతులు చిట్లిపోతాయి. దిగిన పదకొండు మందీ చక్రం తిప్పిందెవరో కూడా అడక్కుండా వెళ్ళిపోతారు. అతను నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటాడు. అంతే, అయిపోతుంది. ఆ రోజు మాస్టారు హాల్లోంచి లేవలేకపోయారు. ఎవరూ చూడని చోట చేసే పని కూడా పనేనని ఆయనకి ఎవరో ముఖం మీద చెప్పినట్టయింది. ఆ సినిమా పదకొండు సార్లు చూశారు, ఒక్కసారీ కన్ను మూతపడలేదు. ఏడాది తిరిగేసరికి పరుపుల కార్ఖానాలో చేరారు. పెళ్ళయ్యాక భార్యకి ఆ కథ ఎన్నిసార్లు చెప్పారంటే, సినిమా చూడకపోయినా, ఆయన ఎక్కడైనా ఒక సంఘటన వదిలేస్తే ఆవిడే అందించేది.

ఇన్నేళ్ళకి దానికి రెండో భాగం వచ్చింది. అదే నటుడు, ఇప్పుడు ముసలివాడయ్యాడు. గోడ మీద బొమ్మ చూసిన రోజున మాస్టారు రోడ్డు దాటడం మర్చిపోయి అలాగే నిలబడిపోయారు.

హాలు సగం ఖాళీగా ఉంది. మొదటి పది నిమిషాలు మంచు కురిసింది, తాడు కిర్రుమంది, ముసలి మెకానిక్ చేతులు మసిబారిన చక్రం మీద నెమ్మదిగా కదిలాయి. మాస్టారు సీటులో ముందుకి వంగి కూర్చున్నారు. పదకొండో నిమిషంలో చక్రం రెండుగా విచ్చుకుని లోపల్నుంచి నీలం వెలుగు వచ్చింది. మెకానిక్ అసలు మెకానిక్ కాడట. వేరే గ్రహపు రాజుగారి అబ్బాయట. నూనె గుడ్డ అసలు గుడ్డ కాదట, దాని మీద చంద్రమండలానికి దారి గీసి ఉందట. పెట్టె కింద మంటలు పుట్టి, తాడు తెంచుకుని ఆకాశంలోకి లేచింది. చంద్రమండలం మీద ముగ్గురు దుర్మార్గులు, మాట్లాడే కుక్క ఒకటి. ఆ తరవాత మెకానిక్ చక్రాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. "తిరుగు" అంటాడు, అది తిరుగుతుంది.

ఇదంతా మెకానిక్ కంటున్న కల అయివుంటుందని మాస్టారు మొదట అనుకున్నారు. కాసేపట్లో లేస్తాడు, చేతులు రుద్దుకుంటాడు, మళ్ళీ పనిలో పడతాడు. ఇంటర్వెల్ దాకా ఆ ఆశతోనే కూర్చున్నారు. ఇంటర్వెల్ తరవాత కుక్క ఉపన్యాసం మొదలుపెట్టింది. దుఃఖం ముదిరితే కొందరికి ఏడుపొస్తుంది, కొందరికి నిద్రొస్తుంది. మాస్టారు రెండో బాపతు. తల పక్కకి వాలిపోయింది.

ఆయనకి రెండు వరసల వెనకాల ఫోర్‌మన్, స్టోర్‌కీపర్ ఉన్నారు. ఇద్దరూ పొద్దున కార్ఖానాకి జ్వరమని కబురు పెట్టినవాళ్ళే. మాస్టారిని చూసి గతుక్కుమని సీట్లలోకి జారిపోయారు. పైగా సినిమా ఒక్క ముక్క మింగుడుపడక, లేచిపోదామా అని ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకుంటున్నారు. అంతలో మాస్టారి తల వాలడం ఫోర్‌మన్ కంటపడింది. అలవాటు కొద్దీ చెయ్యి గడియారం మీదకి పోయింది.

"పడుకున్నారు," అన్నాడు గుసగుసగా.

"ఎన్ని నిమిషాలకి?"

"ఇంటర్వెల్ తరవాత ఆరు నిమిషాలకే!"

"ఆరా? అయితే మొదటి రకమేనన్నమాట. నాకేమో ఒక్క ముక్క అర్థం కాలేదు."

"నాకూ కాలేదు. మనకి అర్థం కాకపోతే సినిమా తప్పా? పాతికేళ్ళలో ఆ మనిషి పొరపాటున నిద్రపోవడం చూశావా నువ్వు? నోరు మూసుకుని చూడు."

ఇద్దరూ వంచిన తల ఎత్తి, చివరిదాకా భక్తిగా చూశారు. మధ్యాహ్నం రెండున్నరయ్యేసరికి మాస్టారు సినిమాకి పచ్చచీటీ కట్టారన్న వార్త కుట్టు విభాగం, దూది విభాగం దాటి యజమాని గదిలోకి వెళ్ళింది. ఆ సంతోషంలో జ్వరం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో మాస్టారు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నారు.

"ఎలా ఉంది?" అంది భార్య. మధ్యాహ్నం పనంతా ముందే ముగించుకుని కథ వినడానికి తీరిగ్గా పీట వాల్చుకుంది.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి చెప్పిన కథలో ఆ నూనె గుడ్డ ఉంది. అది చంద్రమండలానికి దారి అని ఏ నోటితో చెప్పాలి?

"బాగానే ఉంది," అన్నారాయన గోడకేసి చూస్తూ.

ముద్ద గొంతు దిగలేదు. జీవితంలో ఒక వస్తువు బాగాలేకపోయినా బాగుందనడం ఆయనకి అదే మొదలు. ఆవిడ పీట తీసి గోడకి నిలబెట్టేసింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"మాస్టారూ! పడుకున్నారట కదా!" అంటున్నాడు యజమాని.

"అది కాదండీ, నేను..."

"ఆరు నిమిషాలకేనట! ఫోర్‌మన్ వెనక వరసలోంచి గడియారం చూసి మరీ చెప్పాడు. మన మేలురకం పరుపు మీద కూడా మీరు తొమ్మిది నిమిషాలు తీసుకున్నారు."

"అయ్యా, ఆ నిద్ర వేరండీ."

"వేరే మరి! పరుపు కూడా లేకుండా కుర్చీలో పట్టిందంటే అది మామూలు సినిమానా? రేపు పొద్దుటాట మొత్తం మనవాళ్ళకే తీసేసుకున్నాను. అందర్నీ ఇంటిల్లిపాదితో రమ్మన్నాను. ఆసుపత్రి ఆర్డరు పూర్తయిందని ఏదైనా చేద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను లెండి. ఆ మిషన్ అమ్మే ఆయన్ని కూడా పిలిచాను. మనిషి నిద్ర విలువేమిటో ఆయనా చూడాలి కదా. మీరు మొదటి వరసలో కూర్చోవాలి, చెల్లెమ్మగారిని తీసుకురండి."

ఫోన్ పెట్టేశాడు. మాస్టారు మళ్ళీ చేస్తే యజమాని హాలు మేనేజరుతో మాట్లాడుతున్నాడు. మూడోసారి చేస్తే ఇంకెవరితోనో ఇదే శుభవార్త చెబుతున్నాడు. ఇక లాభం లేదని మాస్టారు చెప్పులు తొడుక్కుని ఫోర్‌మన్ ఇంటికి నడిచారు. వార్త మోసినవాడే వెనక్కి మోయాలి కదా.

కిటికీలోంచి మాస్టారిని చూడగానే ఫోర్‌మన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. దొంగజ్వరం పట్టుకోవడానికే వచ్చారనుకుని ఒక్క దూకులో మంచమెక్కి, చెవుల మీదుగా దుప్పటి లాక్కున్నాడు.

"చూడు నాయనా, ఆ సినిమా బాగాలేదు. నేను నిద్రపోయింది అందుకు కాదు. ఆ మాట నువ్వే అందరికీ చెప్పాలి," అన్నారు మాస్టారు మంచం పక్కన నిలబడి.

"అలాగే మాస్టారూ... అమ్మా... ఒళ్ళు కాలిపోతోంది..."

"నేను చెప్పింది వినపడిందా?"

"మాత్ర వేసుకున్నాను మాస్టారూ. రేపటికి తగ్గిపోతుంది. సినిమాకి తప్పకుండా వస్తాను."

మాస్టారు అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. రోగిష్టివాణ్ణి విసిగించడం బాగుండదనుకుని, జాగ్రత్తగా ఉండమని చెప్పి వచ్చేశారు. ఆయన మంచితనం ఆయన్ని ముంచిన సందర్భాల్లో ఇదొకటి.

ఆదివారం పొద్దున హాలు ముందు నూట నలభై మంది పనివాళ్ళు, వాళ్ళ పెళ్ళాంబిడ్డలు, అత్తలు, ఆడబిడ్డలు. చచ్చిపడి ఉన్న సినిమాకి ఇంత జనం ఎలా వచ్చారో కనుక్కున్న హాలు మేనేజరు, ఆ సంగతి నలుగురికీ తెలిస్తే మిగతా ఆటలకి కూడా పనికొస్తుందని, పెద్ద అక్షరాలతో ఒక బోర్డు రాయించి వేలాడదీశాడు. 'పరుపు మాస్టారు నిద్రపోయిన చిత్రం' అని ఉంది దాని మీద. దారినపోయే మామూలు జనం అది చదివి, విషయం సరిగ్గానే గ్రహించి, తమ దారిన తాము పోతున్నారు. ఒక్క ముసలాయన మాత్రం రెండుసార్లు చదువుకుని, ఎనిమిది రోజులుగా తనకి కంటి మీద కునుకు లేదనీ, ఎక్కడో ఒక మూల చోటిస్తే చాలనీ బతిమాలి లోపలికి వెళ్ళాడు.

మొదటి వరస నడిమధ్యలో మాస్టారిని, పక్కన భార్యని కూర్చోబెట్టారు. ఆ వరసలో ఇంకెవరూ లేరు. సరిగ్గా వెనక వరసలో, పరీక్ష గదిలో నిలబడినట్టే మాస్టారి తల దగ్గర, గడియారంతో ఫోర్‌మన్. అతని పక్కన యజమాని, యజమాని పక్కన తోలు సంచీతో యంత్రం అమ్మే మనిషి. వాళ్ళ వెనక హాలు నిండా జనం, అందరి కళ్ళూ మాస్టారి నడినెత్తి మీద.

మాస్టారు రాత్రే ఒక నిర్ణయానికి వచ్చారు. నోటితో చెబితే ఎవరూ వినడం లేదు గనక, కార్ఖానా భాషలోనే చెప్పాలి. బొమ్మ మొదలైన అయిదు నిమిషాల్లోపు లేచి, బూట్లు వేసుకుని నిలబడితే చాలు, పసిపిల్లలకి కూడా అర్థమైపోతుంది. అందుకని కూర్చోగానే బూట్లు విప్పి సిద్ధంగా పెట్టుకున్నారు.

దీపాలు ఆరాయి. మంచు కురిసింది. మాస్టారు లేవబోయారు. తెర మీద ముసలి మెకానిక్ చేతులు వచ్చాయి. గోళ్ళలో మసి, చూపుడువేలి మీద పాత గాటు. ఆ గాటు మొదటి సినిమాలో పడిందే. దాన్ని వదిలేసి లేచి నిలబడటానికి మాస్టారికి కాళ్ళు రాలేదు. ఆ చేతులు కనబడినంత సేపూ, ఆ పది నిమిషాలూ, ఆయన కదల్లేదు. నీలం వెలుగు వచ్చాక తెలివి తెచ్చుకుని బూట్ల కోసం తడుముకున్నారు గానీ, అప్పటికి అయిదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు లేచినా రెండో రకమే అవుతుంది.

ఇక మిగిలింది మెలకువగా ఉండటం ఒక్కటే. తొడ గిల్లుకున్నారు. ఎక్కాలు వల్లించుకున్నారు. సోమవారం తన మంచం ఉండాల్సిన చోట రోలరు దొర్లుతున్నట్టు ఊహించుకున్నారు, దానికి కాసేపు బాగా మెలకువ వచ్చింది. కానీ "తిరుగు" అన్న మాట వినపడ్డ ప్రతిసారీ ఆయన లోపల ఏదో కొంత ఆరిపోతూ వచ్చింది. ఇంటర్వెల్ గడిచింది. కుక్క మళ్ళీ ఉపన్యాసం అందుకుంది.

"పడుకున్నారు," అన్నాడు ఫోర్‌మన్. "ఇవాళ నాలుగు నిమిషాలే."

ఆ మాట వరస వరసకీ పాకి చివరి గోడ దాకా పోయింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఏమీ బోధపడనివాళ్ళు మెచ్చుకోలుగా తలలాడించడం మొదలుపెట్టారు. కుట్టు విభాగం పెద్దక్క, ఎందుకైనా మంచిదని, కుక్క మాట్లాడుతున్నంతసేపూ పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆట ముగిసి అందరూ బయటి వరండాలోకి వచ్చారు. మూల సీటులో ముసలాయన్ని మాత్రం ఎంత కుదిపినా లేవకపోతే అలాగే వదిలేశారు.

"ఆ కుక్క చెప్పినదాంట్లో చాలా ఉందండీ," అన్నాడు స్టోర్‌కీపర్ పక్కవాడి ముఖం పరిశీలిస్తూ.

"ఉంది, ఉంది. నాకూ అదే అనిపించింది," అన్నాడు పక్కవాడు ఇటు పరిశీలిస్తూ.

యజమాని ముఖం మాత్రం పాలిపోయి ఉంది. అందర్నీ తప్పించుకుని మాస్టారిని టిక్కెట్ల కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అందరూ వెనకే వచ్చి గుండ్రంగా నిలబడ్డారు.

"మాస్టారూ, దాపరికం ఎందుకు, నాకు ఆ సినిమా అసలు ఎక్కలేదు. రెండున్నర గంటలూ నా బుర్ర చెడిపోయిందేమోనని భయపడుతూ కూర్చున్నాను. అందుకని సూటిగా అడుగుతున్నా. అది బాగుందా? బాగుందని మీరంటే తప్పు నాది. ఇప్పుడే మిషన్ వెనక్కి పంపించేస్తాను. బాగాలేదన్నారా... మరి మీరు రెండుసార్లు ఎందుకు నిద్రపోయినట్టు? అలాంటి నిద్రని నమ్మి నేను సరుకు ఎలా పంపను?"

యంత్రం అమ్మే మనిషి తోలు సంచీ బొత్తాం విప్పాడు.

ఒక్క మాట చాలు. బాగుంది అంటే మంచం ఉంటుంది, గది ఉంటుంది, నెల తిరిగితే ఇల్లు నడుస్తుంది. ఇంతమందిలో ఒక్కరు కూడా కాదనరు, కుక్కని మెచ్చుకున్న నోళ్ళతో దాన్నీ మెచ్చుకుంటారు. మాస్టారు భార్య వైపు చూశారు. నిన్న ఆవిడకి చెప్పిన "బాగానే ఉంది" ఇంకా గొంతులో అడ్డంగానే ఉంది.

"బాగాలేదండీ," అన్నారు.

గుండ్రంగా నిలబడ్డవాళ్ళు ఇంకో అడుగు దగ్గరికి వచ్చారు.

"మొదటిదాంట్లో ఆ మనిషి చేత్తో తిప్పాడండీ ఆ చక్రం. చేతులు చిట్లి నెత్తురు కారుతున్నా తిప్పాడు. ఎవరో చూస్తారని కాదు, తిప్పాలి గనక తిప్పాడు. ఇప్పుడేమో వీళ్ళు అతన్ని రాజుగారి అబ్బాయిని చేసేశారు. నోటితో తిరుగు అంటే తిరుగుతోంది. మరి ఆ రోజు ఎందుకండీ అంత కష్టపడ్డాడు? ఇరవయ్యారేళ్ళు దీని కోసమా నేను ఎదురుచూసింది? బాధేసిందండీ. నాకు బాధేస్తే నిద్రొస్తుంది. నిన్నా అంతే, ఇవాళా అంతే."

"హమ్మయ్య!" అంది కుట్టు విభాగం పెద్దక్క పైకే. "చెప్పారూ! ఆ కుక్కని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయిందనుకోండి!"

దాంతో కట్ట తెగింది. తలనొప్పి అన్నవాళ్ళు, చెవులు పోయాయన్నవాళ్ళు, మా అత్తగారు నన్ను తిడుతోందన్నవాళ్ళు. యజమాని అందరికంటే గట్టిగా నిట్టూర్చాడు. తన బుర్ర బాగానే ఉన్నందుకు కాసేపు సంతోషించాడు. తరవాత ముఖం మళ్ళీ బరువెక్కింది.

"అయితే మాస్టారూ, మీకు బాగున్నా నిద్రొస్తుంది, బాగులేకపోయినా నిద్రొస్తుంది."

"అవునండీ."

"మరి పాతికేళ్ళుగా కట్టిన పచ్చచీటీలు?"

ఆ ప్రశ్న నిన్నటి నుంచి మాస్టారినీ తినేస్తోంది. యంత్రం అమ్మే మనిషి కాగితాలు తీసి, కలం మూత విప్పి యజమాని చేతికిచ్చాడు. "మా మిషన్ నిద్రపోదు సార్," అన్నాడు వినయంగా.

"అన్నయ్యగారూ, ఒక్క మాట," అంది మాస్టారి భార్య. అప్పటిదాకా ఆవిడ గొంతు ఎవరూ వినలేదు. "రెండుసార్లూ ఈయన నిద్రపోవడం మీలో ఎవరైనా ముందు నుంచి చూశారా?"

ఎవరూ చూడలేదు. అందరూ నడినెత్తే చూశారు.

"ఇవాళ నేను పక్కన కూర్చుని చూశాను. నోరు తెరిచి పడుకున్నారు. ఈయన హాయిగా నిద్రపోతే నోరు మూసే ఉంటుంది. విసుగొచ్చి పడుకుంటేనే తెరుస్తారు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. మా తమ్ముడు వచ్చి తన ఇంటి స్థలం గొడవ చెబుతున్నంతసేపూ ఈయన నోరు తెరిచే ఉంటుంది. నన్నొక్క మాట అడిగితే ఈ గుర్తు నిన్ననే చెప్పేదాన్ని కదా."

మాస్టారు తెల్లబోయారు. ఈ సంగతి ఆయనకే తెలియదు. యజమాని ఫోర్‌మన్ వైపు తిరిగాడు. "పరుపు మీద ఎలా ఉంటుందోయ్ నోరు?"

"మూసే ఉంటుందండీ!" అన్నాడు ఫోర్‌మన్ ఒక్క క్షణం ఆలోచించి. "ఈగ దూరుతుందేమోనని మొదట్లో కనిపెట్టుకుని ఉండేవాణ్ణి. ఒక్కనాడు కూడా తెరవలేదు. ఒట్టు!"

"ఒట్లెందుకు సార్, ఇలాంటివన్నీ సాక్ష్యాలా?" అన్నాడు యంత్రం మనిషి.

"అవును బాబూ, సాక్ష్యాలెందుకు," అంది మాస్టారి భార్య మర్యాదగా. "ఈయనకి మీ మిషన్ సంగతి సరిగ్గా తెలియదు. కాస్త వివరంగా చెప్పండి, ఏమీ వదలకుండా."

అతను పొంగిపోయాడు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మాస్టారికి రోలరు బరువుతో మొదలుపెట్టి, దాన్ని తిప్పే పట్టీలు, పట్టీలు బిగించే మరలు, మరలు ఏ లోహంతో పోస్తారో చెప్పుకుంటూ పోయాడు. నిన్నటి నుంచీ కుదురు లేని మనిషి, పైగా మనసులో బరువు దిగిపోయి ఉంది. మరల దగ్గరికి వచ్చేసరికి మాస్టారి కళ్ళు మూతపడ్డాయి. లోహం దగ్గర నోరు తెరుచుకుంది.

జనమంతా ఒక్కరొక్కరుగా ముందు వైపుకి వచ్చి, వంగి చూసి వెళ్ళారు. యజమాని రెండుసార్లు చూశాడు. యంత్రం మనిషి మాట మధ్యలో ఆపేశాడు. ఆపిన మరుక్షణం మాస్టారి నోరు దానంతటదే మూతపడింది. యజమాని కలం మూత బిగించి తిరిగి ఇచ్చేశాడు.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ అడిగింది, "నాతో బాగానే ఉందని ఎందుకన్నారూ?"

"నీ దగ్గర ఆ గుడ్డ పరువు తియ్యలేకపోయాను," అన్నారు మాస్టారు.

"నాకు తెలిసిన మెకానిక్ మీరు చెప్పినవాడేనండీ. ఇవాళ నేను చూసింది ఎవర్నో." నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది, "ఇంటికెళ్ళాక ఒకసారి చెప్పండి, మొదటి నుంచీ."

ఆ సాయంత్రం ఆయన చెప్పారు. పెట్టె మధ్యలో ఆగిన చోట కాస్త తడబడితే ఆవిడ అందించింది. చెబుతున్నంతసేపూ ఇద్దరికీ నిద్ర రాలేదు.

సోమవారం యంత్రం లారీ ఎక్కి వెళ్ళిపోయింది. ఇకమీదట నిద్రతో పాటు నోరు కూడా చూసి సంతకం పెడితే గానీ పచ్చచీటీ చెల్లదని యజమాని కొత్త నియమం పెట్టాడు. ఆ నోటిని ఇరవై రెండేళ్ళుగా చదివిన మనిషి ఒక్కరే గనక, మాస్టారి భార్యకి బల్ల, కుర్చీ, గంట ఇచ్చి నాణ్యతాధికారిగా వేసుకున్నారు. ఒక పనికి ఇద్దరు అధికారులు ఉండకూడదు గనక, గుమాస్తా చాలాసేపు ఆలోచించి మాస్టారిని యంత్రాల పట్టికలో ఆ యంత్రం పోయి ఖాళీ అయిన వరసలోకి మార్చాడు.

ఆ వరస చివర 'ఏడాదికోసారి నూనె వెయ్యాలి' అన్న మాట ఇంకా కొట్టెయ్యలేదు.